ఇంటి షెడ్డులో బానెట్టు: రేకు పని మీద పాఠకుల ప్రశ్నలు

పాత బండి ఛాసీ (ఇంజన్‌నూ బాడీనీ మోసే అడుగు చట్రం) మీద సొంత ఊహ ప్రకారం కొత్త రూపం కట్టుకునే ‘హాట్ రాడ్’ సరదా గురించి రెండు నెలల క్రితం ఈ శీర్షికలో నాలుగు మాటలు రాసినప్పుడు, మన విశాఖలో ఇంతమంది ఇలాంటి బండ్లను సగం విప్పి షెడ్లలో పెట్టుకుని ఉన్నారని నేను అనుకోలేదు. వచ్చిన ఉత్తరాలలో ఇంజన్ గురించి అడిగినవారు తక్కువ, రేకు గురించి అడిగినవారు ఎక్కువ. ఇంజన్‌కు విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేసే మనిషీ దొరుకుతాడు. మీ ఒక్క బండికే సరిపోయే బానెట్టు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకని ఈసారి చోటంతా రేకు పనికే ఇస్తున్నాను.

ప్రశ్న: పాత జీపు ఛాసీని బాగుచేసి, దాని మీద 1930ల నాటి అమెరికన్ బండ్ల పోలికతో ముందు భాగం కట్టుకుంటున్నాను. ఇప్పుడు పెట్టిన ఇంజన్ పాతదానికంటే మూడంగుళాలు ఎత్తు కావడంతో బానెట్టు మూసుకోవడం లేదు. మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా, ముక్కు దగ్గర గుండ్రంగా ఉండే కొత్త బానెట్టు కావాలి. ఆటోనగర్‌లో ఇద్దరు టింకరింగ్ మేస్త్రీలను అడిగితే, ప్రెస్సు (రేకును అచ్చులో పెట్టి నొక్కే యంత్రం) లేనిదే అలాంటి వంపు రాదని ఒకరు, పుట్టీ దట్టంగా వేసి వంపు తెప్పించవచ్చని మరొకరు అన్నారు. ఎవరి మాట వినాలి? ఏ రేకు కొనాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇద్దరి మాటా వినవద్దు. ప్రెస్సు కావలసింది ఒకే రకం బానెట్లను వేల సంఖ్యలో తయారుచేసే కర్మాగారానికి. ఒక్క బానెట్టుకు సుత్తి, ఇసుక సంచి, కొన్ని ఆదివారాలు చాలు. ఈ సరదా పుట్టిందే అలా. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందూ తరువాతా దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకున్న కుర్రాళ్లు, ఫోర్డు మోడల్ ఏ వంటి చవక పాత బండ్లకు 1932లో వచ్చిన ఫోర్డు వి8 ఇంజన్లను తగిలించి, అక్కరలేని రేకు కోసి పారేసి, కావలసిన రేకు తామే కొట్టుకున్నారు. ఇక పుట్టీ సంగతి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించిన పుట్టీ ఇంజన్ వేడికీ బానెట్టు అదురుకూ బీటలు వారుతుంది. ఆ బీటలోంచి మన సముద్రపు గాలి లోపలికి దిగితే అడుగున రేకు తుప్పు పట్టడం మొదలవుతుంది, పైన పెచ్చు లేచేదాకా ఆ సంగతి మీకు తెలియదు.

దుకాణంలో ‘సి.ఆర్. షీటు’ (కోల్డ్ రోల్డ్, అంటే వేడి చేయకుండా రోలర్ల మధ్య నొక్కి తీసిన ఉక్కు రేకు) అని అడగండి. దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 513. సాగే గుణాన్ని బట్టి దీన్ని దుకాణాల్లో డి (డ్రాయింగ్), డి.డి. (డీప్ డ్రాయింగ్), ఇ.డి.డి. (ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్) అనే పేర్లతో పిలుస్తారు, ఇ.డి.డి. బాగా సాగుతుంది కనుక దొరికితే అదే తీసుకోండి. మందం 20 గేజి, అంటే సుమారు 0.9 మి.మీ. ఉండాలి. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది. 22 గేజి రేకుకు చేయి తిరగనివారు వెల్డింగు పెడితే చిల్లులు పడతాయి. 18 గేజి రేకు కొత్తగా సుత్తి పట్టినవారి మణికట్టుతో ఆడుకుంటుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 20 గేజి రేకు దాదాపు 21 కిలోలు తూగుతుంది కాబట్టి తూకం వేయించుకుంటే గేజి విషయంలో మాట తేడా రాదు. జి.ఐ. రేకు (జింకు పూత పూసినది) చవక అని దాని జోలికి పోవద్దు: దాని మీది జింకు వెల్డింగు వేడికి పొగగా లేస్తుంది, ఆ పొగ పీల్చినవారికి అదే రాత్రి చలిజ్వరం వస్తుంది. ఊళ్లో ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం ఉండగా రేకు ఎక్కడినుంచో ఎందుకు రావాలని కొందరు నన్ను నిలదీస్తుంటారు. విశాఖ ఉక్కులో తయారయ్యేది ఊచలు, తీగ చుట్టలు, యాంగిళ్లు, ఛానెళ్ల వంటి పొడుగు సరుకు. పలుచని రేకు అక్కడ తయారు కాదు. అయితే ఈ పనిలో మీకు ఊచ కూడా కావాలి.

రేకు ముట్టుకునే ముందు 6 మి.మీ. నున్నటి ఊచతో బానెట్టు ఆకారాన్ని బండి మీదే చట్రంగా కట్టండి. బండి ముందు అద్దం కింది అంచు నుంచి ముక్కు దాకా నడిమధ్య ఒక ఊచ, రెండు పక్కల అంచుల వెంట రెండు ఊచలు, వాటిని కలుపుతూ జానెడు దూరానికొకటి చొప్పున అడ్డ ఊచలు ఉంటే చాలు. అడ్డ ఊచ ఒక్కొక్కదాన్ని నేల మీద సుద్దతో గీసిన గీతకు సరిపోయేట్లు వంచి, తిరగవేసి అదే గీత మీద మళ్లీ పెట్టి చూడండి. రెండుసార్లూ గీతతో కలిస్తేనే కుడి ఎడమలు సమానంగా వచ్చినట్లు. ఇంజన్‌ను దాని రబ్బరు దిమ్మెల మీద బిగించి, ఎయిర్ ఫిల్టర్ కూడా పెట్టిన తరువాతే ఎత్తు నిర్ణయించాలి. ఎయిర్ ఫిల్టర్ మీద ఒక ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, చట్రాన్ని దించి, మళ్లీ ఎత్తి, నలిగిన ముద్ద మందం కొలవండి. బండి కుదుపుకు ఇంజన్ ఊగుతుంది కాబట్టి ఆ మందం కనీసం 25 మి.మీ. ఉండాలి, నేనైతే 40 వదులుతాను.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చట్రం మీద మందపాటి గోధుమరంగు కాగితాన్ని పరిచి, అంచుల వెంట అయస్కాంతాలతో పట్టించండి. ఒక వైపుకే వంగిన చోట కాగితం చట్రానికి హాయిగా అతుక్కుంటుంది. అక్కడ రేకును కొట్టవలసిన అవసరమే లేదు, ఒక పైపు మీద పెట్టి వంచితే చాలు. రెండు వైపులా వంపు ఉన్న ముక్కు దగ్గరకు వచ్చేసరికి, బోర్లించిన గిన్నె మీద చపాతీ వేసినట్లు, కాగితం అంచు కుచ్చెళ్లు పడుతుంది. కుచ్చెళ్లు పడిన చోట రేకు ఎక్కువైందని అర్థం: ఆ అంచును కుదించాలి, లేదా దాని ఎదుట మధ్య భాగాన్ని సాగదీయాలి. కత్తెరతో గాటు పెడితేగాని కాగితం కూర్చోని చోట, గాటు ఎంత విచ్చుకుంటే రేకు అక్కడ అంత సాగాలి. ఆ గుర్తులన్నీ పెన్సిలుతో కాగితం మీదే రాసుకోండి. బానెట్టు నమూనా అంటే ఆ కాగితమే. సుత్తి పని దాన్ని చూసి చేసేదే.

ఎంత సాగాలి అన్నదాంట్లోనే చాలామంది దెబ్బతింటారు. మీటరు వెడల్పు బానెట్టు మధ్యలో 20 మి.మీ. ఉబ్బాలనుకుందాం. చూడడానికి పెద్ద ఉబ్బే. లెక్క కడితే, ఈ అంచు నుంచి ఆ అంచుకు రేకు పెరగవలసింది ఒక్క మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. మీటరు రేకులో మిల్లీమీటరు! అందుకే కొత్తవారి బానెట్టు తక్కువ కొట్టడం వల్ల కాక ఎక్కువ కొట్టడం వల్ల చెడుతుంది. ఎక్కువైన రేకుకు పోవడానికి చోటు ఉండదు. నూనె డబ్బా అడుగును బొటనవేలితో నొక్కితే టక్కున లోపలికి పోయి, వదిలితే టక్కున బయటికి వచ్చినట్లు ఆడుతూ ఉంటుంది. నేను మర్రిపాలెంలో ఉండగా చేసిన మొట్టమొదటి బానెట్టు సరిగ్గా అలాగే తయారైంది. దాన్ని సరిచేయాలని ఇంకా కొట్టాను, అది ఇంకా వదులైంది. చివరికి మా ఇంట్లో బొగ్గుల గంప మీద మూతగా చాలాకాలం పనిచేసింది.

కాబట్టి బానెట్టును ఒకే రేకులో తీయాలన్న పంతం పెట్టుకోవద్దు. పైభాగం ఒక ముక్క, పక్కలు రెండు ముక్కలు, ముక్కు ఒక ముక్క. వంపు మారే చోటే అతుకు రావాలి. ముక్కు భాగానికి మాత్రమే ఇసుక సంచి అవసరం. సంచి మందపాటి కాన్వాసుతో కుట్టించి, మూడు వంతులు నింపి, మూతి గట్టిగా కట్టండి. ఇసుక ఊరికే వస్తుందని రుషికొండ బీచి దారి పట్టవద్దు, అందులో ఉప్పు ఉంటుంది. కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుక వాడండి. సంచి కంటే నాకు ఇష్టమైనది చింతమొద్దు. మాంసం దుకాణాల్లో వాడే లాంటి మొద్దు పైతలం మీద లోతు పళ్లెమంత గుంట తొలిపించుకుంటే అది మీ తరువాతి తరానికి కూడా పనికివస్తుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేసే పనివారిని చూసినవారికి ఇదంతా కొత్త విద్యలా అనిపించదు: పలకగా ఉన్న లోహాన్ని గుంటలోకి దించడం, మళ్లీ దిమ్మె మీద నునుపు చేయడం, మధ్యమధ్య కాల్చి మెత్తబరచడం, అన్నీ అక్కడ ఉన్నవే.

కొయ్య సుత్తితో ముక్కు రేకు అంచుకు దగ్గరగా మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా మధ్యకు రండి. ఒక్కో దెబ్బ ముందు దెబ్బ మీద సగం ఎక్కాలి. మొదట్లో రేకు ‘దబ్బు’మంటుంది, దెబ్బలకు బిగుసుకునేకొద్దీ ధ్వని సన్నబడి ‘టింగు’మనడం మొదలవుతుంది. ఆ ధ్వని వినిపించిన తరువాత కూడా కొడితే రేకు చిట్లుతుంది. ఆగి, గ్యాసు మంటతో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, దానంతట దాన్ని చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. నాలుగు చుట్లకొకసారి చట్రం మీద పెట్టి చూడడం మానవద్దు. ఆకారం వచ్చాక అడుగున గుండ్రటి డాలీ (చేతిలో ఇమిడే ఇనుప దిమ్మె) పట్టుకుని పైనుంచి నున్నటి సుత్తితో తేలికగా తడుతూ గుంటలు తీయాలి. రెండు చక్రాల మధ్య రేకును నడిపించి నునుపు చేసే ‘ఇంగ్లీష్ వీల్’ అనే యంత్రం ఉంటే ఈ భాగం గంటలో తేలుతుంది. లేకపోతే రెండు ఆదివారాలు పడుతుంది.

పైరేకు సిద్ధమైనా అది ఇంకా బానెట్టు కాదు, వట్టి రేకే. లోపల 18 గేజి రేకుతో టోపీ ఆకారపు పట్టీలు మడిచి ఒక ఫ్రేము చేయాలి. పైరేకు అంచును సుమారు 12 మి.మీ. వదిలి, ఆ ఫ్రేము అంచు మీదికి మడవాలి. మధ్యలో ఫ్రేముకూ పైరేకుకూ వెల్డింగు పెట్టవద్దు, పెట్టిన ప్రతి చుక్కా పెయింటు వేశాక ఎండలో కనిపిస్తుంది. అక్కడ మెత్తగా ఉండిపోయే సీలెంటు చుక్కలు చాలు. మడ్‌గార్డులకూ బానెట్టుకూ మధ్య సందు చుట్టూ 4 నుంచి 5 మి.మీ. ఉంచండి. ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకుండా చెబుతున్నాను. వెనుక కీలు, ముందు తాళం ఉన్న బానెట్టుకు ప్రధాన తాళం కాక రెండవ కొక్కెం తప్పనిసరి. అనకాపల్లి దారిలో వేగంగా పోతుండగా తాళం జారితే, ఆ కొక్కెం లేని బానెట్టు లేచి అద్దాన్ని కప్పేస్తుంది. ఆ రెండు భాగాలనూ సొంతంగా చేయకండి. ఏదైనా కంపెనీ బండివి తెచ్చి బిగించండి.

ప్రశ్న: మడ్‌గార్డు రెండు ముక్కలుగా చేసి అతికించాను. విడివిడిగా ఉన్నప్పుడు రెండూ చక్కగా ఉన్నాయి. మిగ్ వెల్డింగు (తీగ దానంతట అదే వస్తూ కరిగే కరెంటు వెల్డింగు) పెట్టించిన తరువాత అతుకు పొడవునా అప్పడంలా వంకర్లు పోయింది. వెల్డరు రేకుదే తప్పు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: తప్పు రేకుదీ కాదు, పూర్తిగా వెల్డరుదీ కాదు, వేడి గుణమే అది. మంట తగిలిన చోట రేకు పెరగాలని చూస్తుంది, చుట్టూ చల్లగా ఉన్న రేకు దాన్ని పెరగనివ్వదు. అందువల్ల ఎర్రబడిన భాగం పక్కకు పోలేక మందంగా నలుగుతుంది. చల్లారినప్పుడు ఆ నలిగిన భాగం ముందున్నదానికంటే పొట్టిదవుతుంది. అతుకు పొడవునా ఇదే జరిగితే, కుచ్చు తాడు లాగిన లంగా అంచులా ఇరుపక్కల రేకు ముడుచుకుంటుంది. మీ మడ్‌గార్డులో రేకు ఎక్కడా ఎక్కువ కాలేదు, అతుకు గీత పొట్టిదైంది. దాన్ని మళ్లీ పొడవు చేస్తే వంకర్లు వాటంతట అవే పోతాయి.

ముందు అతుకు మీది గట్టును రెండు వైపులా రేకు మట్టానికి గ్రైండరుతో తీయించండి. గ్రైండరును ఒకే చోట నిలపకుండా చూడండి, లేకపోతే అదీ వేడెక్కించి ఇంకో వంకర తెస్తుంది. తరువాత అతుకు కింద డాలీని గట్టిగా ఆనించి, సరిగ్గా దాని మీదే పైనుంచి సుత్తితో కొట్టండి. డాలీ మీద పడిన దెబ్బ రేకును పలుచన చేసి సాగదీస్తుంది, డాలీ పక్కన పడిన దెబ్బ రేకును వంచుతుంది. మీకు ఇప్పుడు కావలసింది మొదటిది మాత్రమే. అతుకు మీద, దాని పక్కన వేడికి నీలం తిరిగిన సన్నటి పట్టీ మీద తప్ప ఇంకెక్కడా కొట్టవద్దు. మిగ్ వెల్డింగు తీగ అతుకును కాస్త గట్టిగా వదులుతుంది కనుక ఓపిక పట్టాలి. కొట్టే దెబ్బ ఎక్కువై ఎక్కడైనా రేకు ఉబ్బితే, అక్కడ రూపాయి బిళ్లంత మేర మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చుట్టూ తేలికగా తట్టి చల్లారనివ్వండి. మీకు వంకర తెచ్చిన ఆ ముడుచుకునే గుణమే ఇప్పుడు మీ పని చేసిపెడుతుంది.

ఇకమీద అతికేటప్పుడు ముక్కలను ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా అంచుకు అంచు తాకించి, అంగుళం అంగుళానికి ఒక చుక్క వెల్డింగు పెట్టించండి. ఒక చుక్క ఈ చివర, ఒకటి ఆ చివర, తరువాతిది మధ్యలో. ప్రతి చుక్కా చేత్తో తాకగలిగేంత చల్లారిన తరువాతే ఇంకొకటి. టిగ్ వెల్డింగు (తీగను విడిగా చేత్తో అందించే కరెంటు వెల్డింగు) గానీ, చేయి తిరిగినవారి గ్యాస్ వెల్డింగు గానీ దొరికితే అదే మంచిది, ఆ అతుకు మెత్తగా ఉండి సుత్తికి లొంగుతుంది. పూరణ తీగగా అదే రేకు నుంచి కత్తిరించిన సన్నటి పుల్లలు వాడే పాత మేస్త్రీలు ఉన్నారు. వారి అతుకు ఎక్కడుందో పెయింటు వేయకముందే కనిపెట్టడం కష్టం.

ప్రశ్న: మా నాన్నగారి 1971 నాటి అంబాసిడర్ ఇంట్లో ఉంది. దాని ముందు భాగం కోసి, బానెట్టు, మడ్‌గార్డులు మార్చి హాట్ రాడ్‌గా చేయాలని మా అన్నదమ్ముల కోరిక. ఆర్.టి.ఓ. నుంచి ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఇబ్బంది ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నంగా మారే విధంగా బండిని మార్చకూడదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అందువల్ల ఛాసీ, ఇంజన్, బాడీ, రంగు, వీటిలో దేనిని మార్చదలచినా ముందు రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, వారి జవాబు చేతికి వచ్చిన తరువాతే రేకు కొనండి. బీమా కంపెనీకి కూడా తెలపాలి.

మీ విషయంలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. అంబాసిడర్‌కు జీపులాగా విడి ఛాసీ లేదు. బాడీ రేకే దాని ఎముక. పైకి బిగించిన బానెట్టు, మడ్‌గార్డుల దాకా ఫరవాలేదు గానీ, వాటి లోపలి రేకులను కోస్తే ముందు చక్రాల అమరికే కదులుతుంది. రెండవది, 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. మీ బండికి ఆ వయసు దాటింది. 1958 నుంచి 2014 దాకా తయారైన బండే అయినా, 1971 నాటిది కోయకుండా మిగిలి ఉండడం ఇప్పుడు అరుదు. నా అభిప్రాయం అడిగితే, ఆ బండి జోలికి పోవద్దు. చేతి దురద తీరాలంటే అవే బోల్టు రంధ్రాలకు సరిపోయే రెండవ బానెట్టు ఒకటి తయారుచేసి షెడ్డు గోడకు తగిలించుకోండి. నాన్నగారి బానెట్టును బండికే ఉండనివ్వండి.

ప్రశ్న: నేను ఫైబర్ తెప్పలు తయారుచేసే చోట పనిచేస్తాను. రేకుతో తంటాలు పడడం ఎందుకు, బానెట్టు కూడా ఫైబర్‌తో తీయవచ్చు కదా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: నిస్సందేహంగా తీయవచ్చు. మీ చేతికి అలవాటైన పని అదే కనుక మీ విషయంలో నేను అదే చేయమంటాను. అయితే తెప్పకూ బానెట్టుకూ తేడా ఉంది. తెప్ప మందంగా ఉంటుంది, దాని అడుగు నీళ్లలో ఉంటుంది, దాని మీద ఎండ పడినప్పుడు వంకరలు వెతికేవారు ఎవరూ లేరు. బానెట్టు మీద మాత్రం ఆకాశం అద్దంలో పడినట్లు పడుతుంది. అందుచేత ముందు నమూనాను, దాని మీది నుంచి తీసిన అచ్చును అద్దంలా తేల్చడానికే మీ సమయంలో మూడు వంతులు పోవాలి. నేరుగా నమూనా మీదే మ్యాటు (గాజు నారల పరుపు) పరిచి, తరువాత పైన పుట్టీతో నునుపు చేద్దామనుకుంటే, పని సగం అయ్యేసరికి రేకే నయమనిపిస్తుంది.

జెల్‌కోటు (అచ్చులో మొదట పూసే నునుపైన పూత) మీద చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాటు మూడు పొరలు వేస్తే సుమారు 3 మి.మీ. మందం వస్తుంది, అది చాలు. మ్యాటు బరువుకు రెండున్నర రెట్లు రెజిను (నారలను పట్టి ఉంచి గట్టిపడే ద్రవం) పడుతుంది. బ్రష్షు చేతిలో ఉంది కదా అని ఇంకా పోస్తే బరువూ పెళుసుదనమూ తప్ప బలం రాదు. రెజినును గట్టిపరిచే హార్డెనరూ, ఆ పనిని వేగపరిచే కోబాల్టూ ఎప్పుడూ నేరుగా కలవకూడదని మీకు చెప్పనక్కరలేదు గానీ, ఇంట్లో మొదలుపెట్టే మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను: అవి రెండూ నేరుగా కలిస్తే మండి పేలుతాయి. కోబాల్టును ముందుగా రెజినులో పూర్తిగా కలిపి, ఆ తరువాతే హార్డెనరు వేయాలి. లోపలి పట్టీలను పైపొర పూర్తిగా గట్టిపడ్డాకే అతికించండి. ముందే అతికిస్తే వాటి గీతలు పైకి తేలతాయి. కీళ్లూ తాళమూ వచ్చే చోట్ల ఇనుప పలకలను పొరల మధ్య ఇరికించాలి, వట్టి ఫైబర్‌కు బోల్టు బిగిస్తే రంధ్రం పెద్దదవుతూ పోతుంది. ఇక వేడి. మామూలు పాలిస్టర్ రెజిను ఇంజన్ వేడికి మెత్తబడి కుంగుతుంది. ఇంజన్ నుంచి సైలెన్సరు గొట్టం మొదలయ్యే చోటికి పైన వేడిని అడ్డుకునే అల్యూమినియం రేకు తప్పనిసరి. వాన ముసురు పట్టిన రోజుల్లో పని పెట్టుకోవద్దు, గాలిలోని తేమకు పైపొర జిగటగా ఉండిపోతుంది.

ప్రశ్న: బానెట్టు మీద గాలి పోవడానికి చేప మొప్పల్లాంటి చీలికలు పెట్టాలనుకుంటున్నాను. అద్దానికి దగ్గరగా పెడితే అందంగా ఉంటుందనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: అందం సంగతి మీ ఇష్టం గానీ, అక్కడ పెడితే వాటి వల్ల ఉపయోగం లేదు. బండి పరుగెత్తేటప్పుడు అద్దం మొదట్లో గాలి కొట్టుకుని ఒత్తిడి పెరుగుతుంది. వేడి గాలి బయటికి పోవడానికి బదులు బయటి గాలి లోపలికి వస్తుంది. బానెట్టు ముందు సగంలో ఒత్తిడి తక్కువ, చీలికలు అక్కడే ఉండాలి, నోళ్లు వెనక్కి తిరిగి ఉండాలి. ఉలితో చీల్చి చేత్తో లేపితే మూలలు చిట్లుతాయి కనుక లేత్ షాపులో చిన్న డై చేయించి ప్రెస్సులో కొట్టించండి. ఇక్కడ మాత్రం ప్రెస్సు కావాలి. రేకుకు వంపు వచ్చాక, లోపలి ఫ్రేము బిగించకముందు ఆ పని కావాలి. చీలికల్లోంచి వాన నీరు సరాసరి ఇంజన్ మీద పడుతుందని మర్చిపోకండి. వైర్ల పైన ఒక చిన్న పళ్లెం లాంటిది అమర్చుకోండి.

ప్రశ్న: శనివారం రాత్రి మెరిసేట్లు రుద్ది పెట్టిన రేకు ఆదివారం పొద్దున్నకే ఎర్రబడింది. మా ఇల్లు సముద్రపు ఒడ్డున పెదజాలరిపేట దగ్గర. ఏం పూయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ గాలిలో అది ఆశ్చర్యం కాదు. పని నడుస్తున్నన్ని రోజులూ సాయంత్రం పూట రేకుకు పలుచగా ఇంజన్ ఆయిల్ రాయండి, చెమట చేతులతో పట్టుకోకండి. సుత్తి పని పూర్తయ్యాక నూనె జిడ్డు థిన్నరుతో తుడిచి, ఎర్రబడిన చోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాసి, కడిగి, వెంటనే ఆరబెట్టి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు కొట్టించండి. పుట్టీ వేయవలసి వస్తే ఎపాక్సీ మీద వేయాలి. పుట్టీ తేమను పీల్చుకుంటుంది కనుక వట్టి రేకు మీద వేస్తే తుప్పుకు మీరే విత్తనం వేసినట్లు. రెండు డబ్బాల్లోని ద్రవాలను కలిపి వాడే ఈ ఎపాక్సీ ప్రైమరు కొట్టేటప్పుడు దుమ్ముకు కట్టుకునే గుడ్డ ముసుగు సరిపోదు, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి ముసుగు పెట్టుకోవాలి.

మామూలు బూడిదరంగు ప్రైమరు చాలదా అని చాలామంది అడుగుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా షెడ్డు పైకప్పు ఎత్తుకుపోయినప్పుడు లోపల రెండు మడ్‌గార్డులు ఉన్నాయి. ఒకదానికి ఎపాక్సీ, రెండవదానికి మామూలు ప్రైమరు. శిథిలాలు తీసేసరికి వారం పట్టింది. మొదటిదాన్ని నీళ్లతో కడిగి వాడుకున్నాను. రెండవదాని మీద ప్రైమరు అలాగే ఉంది, గోటితో గీరితే దాని కింద రేకంతా ఎర్రటి పొడి. ఆ ప్రైమరు సన్నటి రంధ్రాలతో నిండి ఉంటుంది, స్పాంజిలా నీరు తాగుతుంది. పెయింటు అయ్యాక బానెట్టు మడత అంచులలోకి మైనం లాంటి తుప్పు నిరోధకాన్ని సన్నటి గొట్టంతో పోయించండి, నీరు కారిపోయే రంధ్రాలు మాత్రం మూయవద్దు.

ప్రశ్న: మడ్‌గార్డు అంచు చేతికి కోసుకుంటోంది, చేత్తో నొక్కితే వంగిపోతోంది కూడా. పట్టీ వెల్డింగు పెట్టనా?
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: పట్టీ వద్దు, వేడికి అంచు మళ్లీ వంకర పోతుంది. బిందె మూతి అంచు చూడండి: లోపల తీగ పెట్టి రేకును దాని చుట్టూ మడిచి ఉంటారు. మీరూ అదే చేయండి. తీగ మందానికి రెండున్నర రెట్లు రేకు అదనంగా వదలాలి, 3 మి.మీ. తీగకు ఏడున్నర మిల్లీమీటర్లు. ముందు అంచును నిలువుగా మడిచి, తీగను మూలలో కూర్చోబెట్టి, కొయ్య సుత్తితో కొద్దికొద్దిగా అంచు పొడవునా తిరుగుతూ మూయండి. ఒకే చోట పూర్తిగా మూసి ముందుకు పోతే తీగ జరుగుతుంది. మడ్‌గార్డును ఇప్పటికే కొలతకు కత్తిరించి ఉంటే, తీగ పెట్టిన సన్నటి పట్టీని విడిగా తయారుచేసి, అంగుళానికొక చుక్క చొప్పున అంచుకు అంచు అతికించడం ఒక్కటే మార్గం.